నాజీ నిర్బంధ శిబిరాలలో ఖైదీలు చేసిన వస్తువులు

నాజీ నిర్బంధ శిబిరాలలో ఖైదీలు చేసిన వస్తువులు అనగా 1933 నుండి 1945 వరకు జర్మనీలోను, జర్మనీ ఆక్రమించిన దేశాలలోను నాజీ ప్రభుత్వం నడిపిన శిబిరాలలో బందీలుగా ఉన్నవారు తమ చేతులతో తయారుచేసిన వస్తువులు. చెంచాలు, దువ్వెనలు, గుడ్డ బొమ్మలు, జపమాలలు, చదరంగపు పావులు, పుట్టినరోజు కానుకలు, చిత్రాలు, చేతివ్రాత పుస్తకాలు మొదలైనవి వీటిలో ముఖ్యమైనవి. వీటిలో అధికభాగం రహస్యంగా, శిక్షకు తెగించి చేసినవి. కొన్ని మాత్రం శిబిరాధికారుల ఆజ్ఞపై బలవంతంగా చేసినవి. ప్రస్తుతం ఇవి పోలండ్, జర్మనీ, ఇజ్రాయెల్, చెక్ రిపబ్లిక్, స్వీడన్, ఫ్రాన్స్, కెనడా మొదలైన దేశాలలోని ప్రదర్శనశాలలలో భద్రపరచబడి ఉన్నాయి. శిబిరాల చరిత్రను తెలుసుకొనుటకు ప్రభుత్వ పత్రాలు, బ్రతికి బయటపడినవారి వాంగ్మూలాలతో పాటు ఈ వస్తువులు కూడా ముఖ్యమైన ఆధారాలు.

నేపథ్యం

1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ అయ్యాడు. అదే సంవత్సరం మార్చి 22న మ్యూనిక్ నగర సమీపాన డఖావ్ శిబిరం ప్రారంభమైనది. మొదట్లో ఈ శిబిరాలలో కమ్యూనిస్టులు, సోషల్ డెమోక్రాట్లు మొదలైన రాజకీయ ప్రత్యర్థులను బంధించారు. క్రమంగా యూదులు, రోమా ప్రజలు, యెహోవా సాక్షులు, స్వలింగ సంపర్కులు, ఆక్రమిత దేశాల పౌరులు, సోవియట్ యుద్ధఖైదీలు కూడా బందీలయ్యారు. 1937లో బుఖెన్‌వాల్డ్, 1939లో స్త్రీల కోసం రావెన్స్‌బ్రూక్, 1940లో ఆష్విట్జ్, 1941లో మైదానెక్ శిబిరాలు ఏర్పడ్డాయి. నాజీలు మొత్తం 60 లక్షల మంది యూదులను చంపారు. ఒక్క ఆష్విట్జ్‌లోనే సుమారు 11 లక్షల మంది మరణించారు.

శిబిరంలో అడుగుపెట్టిన వెంటనే ఖైదీ వద్ద ఉన్న సమస్తం తీసుకునేవారు. బట్టలు, ఉంగరాలు, ఫోటోలు, పుస్తకాలు పోయేవి. తల గొరిగించేవారు. పేరుకు బదులుగా ఒక సంఖ్యను, వర్గాన్ని తెలిపే రంగు త్రికోణపు గుడ్డముక్కను ఇచ్చేవారు. ఆ తరువాత ఖైదీకి సొంత వస్తువు అనేది ఏదీ ఉండరాదన్నది శిబిర నియమం. కనుక ఒక దువ్వెననో, ఒక చెంచానో చేసుకొని దాచుకొనుట కూడా నియమోల్లంఘనే అయ్యేది.

పదార్థాలు

ఖైదీలకు దొరికిన పదార్థాలు చాలా తక్కువ. చేసిన వస్తువును బట్టి ఆ ఖైదీ ఏ పనిలో ఉన్నాడో చాలాసార్లు ఊహించవచ్చు.

రొట్టె: ఆష్విట్జ్‌లో సాయంత్రం ఇచ్చే నల్ల రొట్టె సుమారు 300 గ్రాములు. మరునాటి ఉదయానికి కూడా అదే ఆధారం. ఈ రొట్టెను నమిలి, నీటితో పిసికి ముద్ద చేస్తే ఆరిన తరువాత గట్టిపడుతుంది. దానితో జపమాల పూసలు, చదరంగపు పావులు చేసేవారు. పలుచగా కలిపితే అదే జిగురుగా పనికివచ్చేది. రొట్టెతో చేసిన ప్రతి వస్తువు వెనుక తినకుండా విడిచిన తిండి ఉన్నదని గ్రహించవలెను.

లోహం: యుద్ధ సామగ్రి కర్మాగారాలలో పనిచేసిన ఖైదీలకు అల్యూమినియం రేకులు, తీగలు, రంపపు ముక్కలు దొరికేవి. వాటితో దువ్వెనలు, ఉంగరాలు, సిగరెట్టు పెట్టెలు, చిన్న కత్తులు చేసేవారు. గొరిగిన తల మీద జుట్టు మళ్ళీ మొలిచిన స్త్రీలకు దువ్వెన ఎంతో విలువైన వస్తువు.

ప్లాస్టిక్: పళ్ళ బ్రష్షుల పిడులను గీకి, చెక్కి శిలువలు, హృదయాకారాలు, చిన్న జంతువుల బొమ్మలు చేసేవారు. వీటిలో చాలావరకు బొటనవేలి గోరు కంటె పెద్దవి కావు. అరచేతిలోనో, బట్టల మడతలోనో దాచుకొనుటకు అంత చిన్నవిగా ఉండుట అవసరం.

గుడ్డ, దారం: కుట్టు కార్ఖానాలలో పనిచేసిన స్త్రీలు గుడ్డపీలికలు తెచ్చేవారు. దుప్పటి అంచుల నుండి దారాలు లాగేవారు. వాటితో చేతిరుమాళ్ళు, గుడ్డ బొమ్మలు, చిన్న సంచులు కుట్టేవారు.

కాగితం: సిమెంటు సంచులు, వార్తాపత్రికల అంచులు, కార్యాలయాలలో పారవేసిన ఫారాల వెనుక వైపు చిత్రాలకు, పద్యాలకు, వంటకాల వివరాలకు ఉపయోగపడేవి.

ఈ విధంగా వస్తువులను రహస్యంగా సంపాదించుటను ఖైదీలు తమ పరిభాషలో "ఆర్గనైజ్ చేయుట" అనేవారు. శిబిరపు గిడ్డంగి నుండి తీసుకొనుటకు మాత్రమే ఈ మాట వర్తించేది. తోటి ఖైదీ రొట్టెను తీయుటను దొంగతనమనే అనేవారు, దానిని ఎవరూ క్షమించేవారు కారు.

శిక్షలు

అనుమతి లేని వస్తువు దొరికితే 25 కొరడా దెబ్బలు, చీకటి గదిలో నిర్బంధం, శిక్షాదళానికి బదిలీ వంటి శిక్షలు ఉండేవి. కర్మాగారం నుండి ముడిసరుకు తీసుకొనుటను విద్రోహ చర్యగా పరిగణించి ఉరితీయుట కూడా జరిగేది. ఒక అల్యూమినియం ఉంగరం చేయుటకు లోహం సంపాదించినవాడు, దానిని కోసినవాడు, కాపలా కాసినవాడు, దాచినవాడు అందరూ ఈ ప్రమాదంలో భాగస్వాములే. అందుచేత చాలా వస్తువులు ఒక్కరి పని కాక ఒక చిన్న బృందం పనిగా ఉండేవి.

ఉపయోగాలు

నిత్యావసరాలు

కొన్నిచోట్ల సూప్ త్రాగుటకు చెంచా కూడా ఇచ్చేవారు కారు. ఖైదీలు చెంచాను సంపాదించి, దాని పిడిని రాతిపై అరగదీసి కత్తిగా కూడా వాడుకునేవారు. రొట్టెను సమంగా పంచుకొనుటకు కత్తి అవసరమయ్యేది.

మారకం

వస్తువులను రొట్టెకు, సూప్‌కు మార్చుకునేవారు. ఇటలీకి చెందిన రసాయన శాస్త్రవేత్త, రచయిత ప్రీమో లెవీ ఆష్విట్జ్‌కు అనుబంధమైన మోనోవిట్జ్ శిబిరంలో ప్రయోగశాలలో పనిచేస్తూ సీరియం కడ్డీలను దొంగిలించాడు. అతడు, మిత్రుడు ఆల్బెర్టో రాత్రివేళ దుప్పటి క్రింద వాటిని గీకి లైటరు రాళ్ళు చేశారు. ఒక్కొక్క రాయి విలువ ఒక రోజు రొట్టె. 120 రాళ్ళంటే ఇద్దరికీ చెరి రెండు నెలల ఆయుష్షు అని లెవీ లెక్కవేశాడు. 1975లో వెలువడిన "పీరియాడిక్ టేబుల్" గ్రంథంలో అతడు ఈ సంగతి వ్రాశాడు. 1945 జనవరిలో శిబిరం ఖాళీ చేయించినప్పుడు బయలుదేరిన ఆల్బెర్టో తిరిగి రాలేదు.

కానుకలు

పుట్టినరోజులకు, పండుగలకు ఒకరికొకరు కానుకలు ఇచ్చుకొనుట ముఖ్యంగా స్త్రీల శిబిరాలలో కనిపిస్తుంది. కానుకపై పేరు లేదా పేరులోని మొదటి అక్షరం ఉండేది. సంఖ్యగా మార్చబడిన మనిషికి ఆమె పేరును తిరిగి ఇచ్చుట ఈ కానుకల విశేషం.

మతం

శిబిరాలలో ప్రార్థనలు, మతపరమైన వస్తువులు సాధారణంగా నిషిద్ధం. పోలండ్ స్త్రీలు రొట్టె పూసలతో జపమాలలు చేసుకున్నారు. పోలండ్‌లోని స్కార్జిస్కో కమియెన్నా నిర్బంధ కార్మిక శిబిరంలో 1943లో యూదుల నూతన సంవత్సర పండుగ కోసం రబ్బీ ఇట్జాక్ ఫింక్లర్ కోరికపై మోషే వింటర్టర్ అనే ఖైదీ ఆయుధ కర్మాగారపు లోహశాలలో షోఫర్ అనే కొమ్ము వాద్యాన్ని తయారుచేశాడు. అది ప్రస్తుతం జెరూసలేంలోని యాద్ వాషెమ్ సంస్థలో ఉన్నది. డఖావ్‌లో 1944 డిసెంబరు 17న కార్ల్ లైస్నర్ అనే జర్మన్ ఖైదీకి ఫ్రెంచి బిషప్ గాబ్రియేల్ పిగె రహస్యంగా గురుపట్టాభిషేకం చేశాడు. ఆ సందర్భానికి కావలసిన వస్త్రాలు, బిషప్ దండం, ఉంగరం ఖైదీలే శిబిరంలో తయారుచేశారు. క్షయవ్యాధితో బాధపడుతున్న లైస్నర్ విముక్తి పొందిన కొద్ది నెలలకే 1945 ఆగస్టు 12న మరణించాడు.

ప్రసిద్ధమైన వస్తువులు

ఆష్విట్జ్ హృదయం

ఇది ఊదారంగు గుడ్డ అట్టతో హృదయాకారంలో ఉన్న చిన్న పుస్తకం. అట్టపై "ఎఫ్" అనే ఆంగ్ల అక్షరం కుట్టబడి ఉన్నది. ఆష్విట్జ్‌లోని యూనియన్ ఆయుధ కర్మాగారంలో పనిచేసిన ఫానియా అనే యువతి 20వ పుట్టినరోజుకు, 1944 డిసెంబరు 12న, స్నేహితురాలు జ్లాట్కా దీనిని చేసి ఇచ్చింది. తోటి స్త్రీలు పోలిష్, జర్మన్, ఫ్రెంచి, హీబ్రూ భాషలలో శుభాకాంక్షలు వ్రాశారు. కాగితాలను అతికించుటకు రొట్టె, నీరు కలిపిన జిగురు వాడారు.

ఈ కానుక చేసిన కాలం గమనించదగినది. 1944 అక్టోబరు 7న ఆష్విట్జ్ శ్మశానవాటికలలో పనిచేయు యూదు ఖైదీలు తిరుగుబాటు చేశారు. వారికి మందుగుండు చేరినది ఈ కర్మాగారం నుండే. ఆ విషయమై విచారణ జరిగి, 1945 జనవరిలో నలుగురు స్త్రీలను ఉరితీశారు. తిరుగుబాటుకు, ఉరికి మధ్య కాలంలో, అదే కర్మాగారపు స్త్రీలు కాగితం, గుడ్డ, దారం దాచి ఈ పుస్తకాన్ని తయారుచేశారు. 1945 జనవరిలో ఖైదీలను మంచులో పశ్చిమానికి నడిపించిన మరణయాత్రలో కూడా ఫానియా దీనిని తన శరీరానికి అంటిపెట్టుకొని కాపాడింది. యుద్ధానంతరం కెనడాలో స్థిరపడిన ఆమె 1988లో దీనిని మాంట్రియల్ హోలోకాస్ట్ మ్యూజియంకు ఇచ్చింది. దీనిపై 2010లో ఒక డాక్యుమెంటరీ చిత్రం వెలువడినది.

రావెన్స్‌బ్రూక్ వస్తువులు

బెర్లిన్‌కు ఉత్తరాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని రావెన్స్‌బ్రూక్ స్త్రీల శిబిరంలో 1939 నుండి 1945 వరకు సుమారు 1,20,000 మంది స్త్రీలు, పిల్లలు, 20,000 మంది పురుషులు బందీలయ్యారు. ఇక్కడ ఎస్.ఎస్. దళపు కుట్టు కార్ఖానాలు, సీమెన్స్ సంస్థ కర్మాగారం ఉండేవి. గుడ్డ, దారం, విద్యుత్ తీగలు అక్కడి నుండే వచ్చేవి. 1944 డిసెంబరులో స్త్రీలు శిబిరంలోని పిల్లల కోసం క్రిస్మస్ వేడుక జరిపి, తోలుబొమ్మలాట వంటి బొమ్మల ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఆ పిల్లలలో అనేకులు తరువాతి నెలలలో మరణించారు.

ఫ్రెంచి ప్రతిఘటనోద్యమానికి చెందిన జానెట్ లెర్మినియే తుంటపెన్సిలుతో వార్తాపత్రికల అంచులపై, అట్టపెట్టెల ముక్కలపై తోటి స్త్రీల చిత్రాలు సుమారు 150 గీసింది. ఆ చిత్రాలలో ముఖాలకు కన్ను, ముక్కు, నోరు ఉండవు. నిలుచున్న తీరు, కట్టుకున్న గుడ్డలు మాత్రమే కనిపిస్తాయి. మానవశాస్త్రవేత్త జెర్మేన్ టిల్లియోన్ ఇదే శిబిరంలో 1944లో ఒక పెట్టెలో దాగి శిబిర జీవితంపై హాస్య సంగీత రూపకం వ్రాసింది. అది మొదటిసారిగా 2007లో పారిస్‌లో ప్రదర్శింపబడినది.

1942-43లో ఇక్కడి నాజీ వైద్యులు 74 మంది పోలిష్ స్త్రీల కాళ్ళపై క్రూరమైన శస్త్రచికిత్సా ప్రయోగాలు చేశారు. వారిలో కొందరు అనుమతించిన ఉత్తరాల అంచులలో, పంక్తుల మధ్య మూత్రంతో రహస్యంగా వ్రాసి ఆ వివరాలను ఇళ్ళకు చేరవేశారు. వేడి తగిలిస్తే ఆ వ్రాత కనిపించేది. అట్టి 27 లేఖలు 2017లో పోలండ్‌లోని లుబ్లిన్ నగర మ్యూజియంకు చేరాయి. ఈ స్త్రీలలో నలుగురు న్యూరెంబర్గ్‌లో జరిగిన వైద్యుల విచారణలో సాక్ష్యం చెప్పారు. ప్రధాన నిందితులలో ఒకడైన కార్ల్ గెబ్‌హార్ట్‌ను 1948లో ఉరితీశారు.

1945 ఏప్రిల్‌లో స్వీడిష్ రెడ్ క్రాస్ వారి తెల్ల బస్సులలో ఈ శిబిరం నుండి వేలాది స్త్రీలు స్వీడన్ చేరారు. వారు దాచి తెచ్చిన వస్తువులలో కొన్ని లుండ్ నగరంలోని కుల్తురెన్ మ్యూజియంలో ఉన్నాయి. లుండ్ విశ్వవిద్యాలయంలో పోలిష్ భాషాబోధకుడైన జిగ్మంట్ వకొచిన్‌స్కి నేతృత్వంలో నమోదైన 500కు పైగా వాంగ్మూలాలు కూడా ఆ నగరంలోనే భద్రపరచబడ్డాయి.

టెరెజిన్ పిల్లల చిత్రాలు, పుస్తకాలు

చెక్ దేశంలోని టెరెజిన్ 1941 నవంబరు నుండి యూదుల ఘెట్టోగాను, ఇతర శిబిరాలకు పంపే మజిలీగాను ఉండేది. ఇక్కడ చిత్రకారిణి ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ పిల్లలకు రహస్యంగా చిత్రకళ నేర్పింది. ప్రతి పిల్లవాని చేత చిత్రంపై పేరు వ్రాయించేది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపారు. వెళ్ళుటకు ముందు దాచిన రెండు పెట్టెలలో దాదాపు 4,500 చిత్రాలు దొరికాయి. చాలామంది పిల్లల విషయంలో మిగిలిన గుర్తు ఆ సంతకమే. ఇవి ప్రేగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి.

బాలుర వసతిగృహంలో పీటర్ గింజ్ సంపాదకత్వంలో "వేదెమ్" అనే వారపత్రిక చేతివ్రాతతో వెలువడేది. దానిలో సుమారు 800 పుటలు మిగిలాయి. చిత్రకారుడు బెద్రిచ్ ఫ్రిట్టా 1944 జనవరి 22న తన కుమారుని మూడవ పుట్టినరోజుకు 52 చిత్రాల పుస్తకం చేశాడు. ఘెట్టో గోడల లోపలే పెరిగిన ఆ పిల్లవానికి బయటి ప్రపంచాన్ని చూపుట దాని ఉద్దేశం. ఘెట్టో దుస్థితిని చిత్రించినందుకు 1944 జులైలో ఫ్రిట్టాను, లియో హాస్‌ను, మరికొందరు చిత్రకారులను బంధించారు. ఫ్రిట్టా ఆష్విట్జ్‌లో మరణించాడు. బ్రతికి బయటపడిన లియో హాస్ ఆ బాలుని పెంచుకొన్నాడు. దాచిన పుస్తకం కూడా దొరికినది.

టెరెజిన్‌లోనే మినా పాఖ్టర్, ఇతర స్త్రీలు ఆకలితో ఉండి తమకు గుర్తున్న వంటకాలను కాగితాలపై వ్రాసి పుస్తకంగా కుట్టారు. మినా 1944లో మరణించింది. ఆ వ్రాతప్రతి పలువురి చేతులు మారి 1969లో న్యూయార్కులోని ఆమె కుమార్తెకు చేరినది. 1996లో ఆంగ్లంలో అచ్చయినది.

మైదానెక్ స్తంభం

మైదానెక్‌లో శిబిరాన్ని అందంగా తీర్చిదిద్దవలెనని అధికారులు ఆదేశించగా, పోలిష్ శిల్పి ఆల్బిన్ మరియా బోనియెట్స్కి 1943లో ఒక స్తంభంపై ఎగురబోతున్న మూడు గ్రద్దలను నిర్మించాడు. దాని లోపల శ్మశానవాటిక నుండి తెచ్చిన మృతుల బూడిదను రహస్యంగా ఉంచారు. ఆ విధంగా ఎస్.ఎస్. వారి అలంకారం ఖైదీలకు స్మారకచిహ్నమైనది. అతడు చేసిన తాబేలు శిల్పం "నెమ్మదిగా పనిచేయండి" అని తోటివారికి చెప్పే సంకేతం.

బుఖెన్‌వాల్డ్ చెక్కడాలు

బుఖెన్‌వాల్డ్ శిబిరంలో కవి గోథే పేరిట ప్రసిద్ధమైన ఓక్ చెట్టు ఉండేది. 1944 ఆగస్టు 24న జరిగిన బాంబుదాడిలో అది కాలిపోగా నరికివేశారు. ఖైదీ బ్రూనో ఆపిట్జ్ ఆ కర్ర ముక్కను దాచి, మరణించిన మనిషి ముఖాన్ని చెక్కి "చివరి ముఖం" అని పేరు పెట్టాడు. శిబిరం 1945 ఏప్రిల్ 11న విముక్తి పొందినది. ఏప్రిల్ 19న ఖైదీలు తామే చేసిన కొయ్య స్తంభాన్ని నిలిపి మృతులకు నివాళి అర్పించారు. దానిపై 51,000 అనే సంఖ్య ఉన్నది. తరువాతి పరిశోధనలో మృతుల సంఖ్య సుమారు 56,000 అని తేలినది.

ఆజ్ఞపై చేసిన వస్తువులు

ఖైదీలు చేసిన వస్తువులన్నీ స్వేచ్ఛగా చేసినవి కావు. ఆష్విట్జ్ ప్రధాన ద్వారంపై గల "శ్రమ స్వేచ్ఛనిస్తుంది" అనే అర్థం వచ్చే జర్మన్ అక్షరాలను పోలిష్ కమ్మరి యాన్ లివాచ్, అతని క్రింది పనివారు ఆజ్ఞపై తయారుచేశారు. అందులో "బి" అక్షరం తలక్రిందులుగా కనిపిస్తుంది. అది ఖైదీల నిరసన అని బ్రతికి వచ్చినవారిలో కొందరు చెప్పారు. 2009 డిసెంబరులో ఈ ఫలకం దొంగిలింపబడి, మూడు ముక్కలుగా తిరిగి దొరికినది. బుఖెన్‌వాల్డ్ ద్వారంలోని అక్షరాలను బౌహౌస్ కళాశాల పూర్వ విద్యార్థి ఫ్రాంజ్ ఎర్లిక్ రూపొందించాడు. నాజీలు ద్వేషించిన ఆ కళాశాల అక్షరశైలినే అతడు వాడాడు.

1941లో ఆష్విట్జ్ అధిపతి హోస్ అనుమతితో పోలిష్ ఖైదీ ఫ్రాన్సిషెక్ టర్గోష్ ఆధ్వర్యంలో శిబిరంలోనే ఒక మ్యూజియం ఏర్పడినది. అధికారుల కోసం చిత్రాలు, చెక్కడాలు అక్కడ చేయించేవారు. కళాకారులకు కఠినమైన పని నుండి కొంత రక్షణ, రహస్యంగా తమ చిత్రాలు గీసుకొనుటకు కొంత అవకాశం లభించాయి.

యాజమాన్య వివాదం

డినా గాట్లిబోవా అనే చెక్ యూదు యువతి ఆష్విట్జ్‌లో పిల్లల గది గోడపై "స్నో వైట్" కథా చిత్రం వేసింది. 1944లో ఎస్.ఎస్. వైద్యుడు మెంగెలే ఆమె చేత రోమా ఖైదీల చిత్రాలు వేయించాడు. ఆ పని వలన ఆమె, ఆమె తల్లి బ్రతికారు. చిత్రాలలోని రోమా ప్రజలలో చాలామంది హత్యకు గురయ్యారు. యుద్ధానంతరం ఏడు చిత్రాలు ఆష్విట్జ్ మ్యూజియంకు చేరాయి. తన చిత్రాలు తనకు ఇమ్మని ఆమె దశాబ్దాల పాటు కోరింది. అవి రోమా ప్రజల హత్యాకాండకు అరుదైన సాక్ష్యాలని, నేరం జరిగిన చోటనే ఉండవలెనని మ్యూజియం వాదించింది. 2009లో ఆమె మరణించునాటికి చిత్రాలు తిరిగి రాలేదు. వస్తువు చేసినవారిదా, అందులో చిత్రింపబడిన మృతులదా, చరిత్రదా అనే ప్రశ్న ఈ వివాదంతో ముందుకు వచ్చినది.

పరిరక్షణ

రొట్టెతో చేసిన వస్తువులకు బూజు, పురుగుల భయం ఎక్కువ. పాత ప్లాస్టిక్ కాలక్రమేణ పెళుసుబారి పగులుతుంది. నాసిరకం కాగితం పసుపుబారి పొడి అవుతుంది. అందుచేత వెలుతురు, తేమ, ఉష్ణోగ్రతలను అదుపులో ఉంచి వీటిని కాపాడుతున్నారు. అరిగిన అంచును సరిచేయుట, మరకను తుడుచుట సాధారణంగా చేయరు. ఆ మరక, అరుగుదల కూడా ఆధారంలో భాగమే.

చరిత్ర రచనలో స్థానం

ఈ వస్తువులను పరిశీలించునప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకొనవలెను. మొదటిది, ఏదైనా చేయగలిగినవారు ఖైదీలలో కొందరే. కార్ఖానాలలో, కార్యాలయాలలో పనిచేసినవారికి పదార్థాలు, కొంత సమయం దొరికేవి. రాతి గనులలో పనిచేసినవారికి ఆ శక్తి ఉండేది కాదు. రైలు దిగిన వెంటనే విషవాయు గదులకు పంపబడిన లక్షలాది మంది ఏమీ చేయుటకు వ్యవధి లేకుండానే మరణించారు. కనుక మిగిలిన వస్తువులు శిబిర జీవితమంతటికీ ప్రతినిధులు కావు. రెండవది, ఈ వస్తువులు ప్రాణాలను కాపాడాయని సామాన్యీకరించరాదు. అందమైన కానుకలు పొందినవారిలోను, చేసినవారిలోను అనేకులు మరణించారు.

ఈ పరిమితులకు లోబడి కూడా వీటి విలువ గొప్పది. శిబిరపు అధికారిక పత్రాలలో ఖైదీలు సంఖ్యలుగా, పనిగంటలుగా, మరణాల పట్టికలుగా మాత్రమే కనిపిస్తారు. ఎవరికి ఎవరు స్నేహితులో, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరు తమ రొట్టెను ఎవరి కోసం విడిచారో ఆ పత్రాలలో లేదు. ఆ సమాచారం ఒక గుడ్డముక్కపై కుట్టిన అక్షరంలో, ఒక బాలుని చిత్రంపై ఉన్న సంతకంలో లభిస్తున్నది.

ఇవి కూడా చూడండి

హోలోకాస్ట్
ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం
ప్రీమో లెవీ
న్యూరెంబర్గ్ విచారణలు
ఆన్ ఫ్రాంక్